తల్లి వైపు అంకె

జూన్‌లో మూడేళ్ళ ఆడగుర్రాలను జిల్లా మైదానంలో వరసగా నిలబెట్టి చూస్తారు. ఈసారి మా ఫ్రీడా మొదటి స్థానంలో నిలబడింది. కళ్ళెం పట్టుకొని దాని పక్కన పరుగెత్తినవాడు మా మేనల్లుడు మార్టెన్. నలభై ఆరేళ్ళవాడు, అంతమంది ముందు గుర్రం మెడలో ముఖం దాచుకొని ఏడ్చాడు. వాడి పక్కన ఉండాల్సిన నేను కాఫీ బండి వెనక నిలబడ్డాను, తేలు కుట్టిన దొంగలా. వాడి సంతోషాన్ని దగ్గర నుంచి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

నా పేరు టెల్జె. పెళ్ళి చేసుకోలేదు. ఎల్బె నది కట్ట కింద, పుట్టిన ఇంట్లోనే అరవై ఏడేళ్ళు నిండాయి. నా నోరు మంచిది కాదని ఊరంతా అంటుంది, అబద్ధమేమీ కాదు. పాస్టరుగారు సుదీర్ఘంగా ప్రసంగిస్తే గడియారం చూపిస్తాను. రొట్టెల కొట్టులో నిన్నటి రొట్టె పెడితే మొహాన చెప్తాను. అలాంటి నోరు ఒక్క విషయంలో మాత్రం నలభై ఎనిమిదేళ్ళు కుక్కిన పేనులా పడి ఉంది.

మా పల్లపు నేలలో మనుషుల పుట్టుపూర్వోత్తరాలు ఎవరికీ పట్టవు. మా తాతకు తండ్రి ఎవరో చర్చి పుస్తకంలో రాసి లేదు, దానికి ఎవరూ సిగ్గుపడలేదు. గుర్రానికి తల్లి ఎవరో చెప్పలేకపోతే మాత్రం తల కొట్టేసినట్టే. మా హోల్‌స్టైనర్ జాతి గుర్రం ఒకప్పుడు ఈ జిగురు మట్టి దున్నింది, ఫిరంగులు లాగింది. ట్రాక్టర్లు వచ్చి దాని పని లాక్కున్నాక, మావాళ్ళు ఇంగ్లండు నుంచి సన్నకాళ్ళ పందెపు మగగుర్రాలను తెచ్చి కలిపారు. ఆ తండ్రులు ఒంట్లో బరువు తగ్గించాయి, మా తల్లులు వెనకకాళ్ళ సత్తువ ఇచ్చాయి. ఇప్పుడది మనిషెత్తు కర్రల మీంచి దూకుతుంది. తండ్రి ఎక్కడివాడైనా ఫరవాలేదు, తల్లి మాత్రం ఇక్కడిదై ఉండాలి. ప్రతి తల్లి వంశానికీ ఒక అంకె ఉంది. తల్లి నుంచి కూతురికి, కూతురి నుంచి మనవరాలికి అదే అంకె ఇంటిపేరులా వస్తుంది. మగపిల్ల పుడితే అమ్ముతాం, ఆడపిల్ల పుడితే ఇంట్లో ఉంచుకుంటాం.

మా అంకె మా కొట్టంలో పదకొండు తరాలుగా ఉందని మార్టెన్ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు. అందులో ఆరు తరాలు మావి. తరవాతి ఐదూ మావి కావు, పక్క పొలం యోహిమ్‌వి. ఆ సంగతి బతికున్నవాళ్ళలో నాకొక్కదానికే తెలుసు, యోహిమ్‌కు కూడా తెలియదు.

1976 జనవరిలో గాలివానకు ఏటి కట్ట తెగింది. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు, యోహిమ్‌కు ముప్పై ఆరు. మా ఇల్లు మట్టిదిబ్బ మీద ఉంది, అతని ఇల్లు పల్లంలో. అతను తన ఒక్కగానొక్క ఆడగుర్రం ఉల్మెను రొమ్ములోతు చన్నీళ్ళలో నడిపించుకుంటూ మా దిబ్బ మీదికి తెచ్చాడు. అది చూలుతో ఉంది. మా హెర్టా కూడా చూలుతోనే ఉంది. రెండింటినీ ఒకే మగగుర్రం దగ్గరికి తీసుకెళ్ళారు, రెండూ ముదురు గోధుమరంగువే. మా నాన్న కార్స్టెన్ వాటిని పక్కపక్కనే కట్టాడు. ఇరుగుపొరుగు అన్నాక ఆ మాత్రం చెయ్యాలి కదా అన్నాడు, మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఫిబ్రవరిలో ఒకే ఉదయం రెండూ ఈనాయి. హెర్టాకు చచ్చిన మగపిల్ల పుట్టింది. దానికి అప్పటికే ఇరవై ఒక్క ఏళ్ళు, ఇదే ఆఖరి కాన్పని డాక్టరు ముందే చెప్పాడు. అంతకుముందు అన్నీ మగపిల్లలే, అన్నీ అమ్ముడుపోయాయి. అంటే మా అంకె మా ఇంట్లో ఆ గడ్డి మీద ముగిసిపోయింది. నాన్న గోడకు ఆనుకొని కూర్చుండిపోయాడు. మా అమ్మ పోయిన రోజున కూడా ఆయన అలా కూర్చోలేదు. ఇంతలో పక్క గదిలో ఉల్మె ఈనింది. పిల్ల బతికింది, తల్లికి నెత్తురు ఆగలేదు. అరగంటలో పోయింది.

తల్లి లేని పిల్లకు పాలు కావాలి, పిల్ల లేని తల్లికి పాలు పొంగుతున్నాయి. అలాంటప్పుడు మా దగ్గర అందరూ చేసేదే మేమూ చేశాం. చచ్చిన పిల్ల ఒంటి మీది తడి తీసి బతికిన పిల్లకు పూసి, ఆ తల్లి ముందు నిలబెడతారు. తల్లి వాసన చూసి తనదే అనుకుంటుంది. పూసింది నేనే, ఈ చేతులతోనే. హెర్టా మూతి దించి వాసన చూసి, సన్నగా సకిలించి నాకడం మొదలుపెట్టింది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. అప్పటివరకూ అందులో పాపమేమీ లేదు.

అప్పుడు నాన్న పిల్ల తోక పైకెత్తి చూశాడు. ఆడది. చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తరవాత మా చచ్చిన మగపిల్లను కాళ్ళు పట్టి ఈడ్చుకెళ్ళి ఉల్మె పొట్ట పక్కన పడుకోబెట్టాడు. 

యోహిమ్ తొమ్మిదింటికి సైకిలు మీద వచ్చాడు. ఇంట్లో బురద ఎత్తుతున్నాడు, మోచేతుల దాకా అదే. తల్లీపిల్లా పోయాయని నాన్న చెప్పాడు. యోహిమ్ నాన్నను నమ్మలేదో, నమ్మాలని లేకపోయిందో, నా వైపు తిరిగాడు.

“నువ్వు చూశావా, టెల్జె?”

“చూశాను. ఊపిరి తియ్యలేదు” అన్నాను.

అతను టోపీ తీసి, మోకాళ్ళ మీద కూర్చొని, చల్లబడిన ఆ పిల్ల చెవిని రెండు వేళ్ళతో నిమిరాడు. గోడకు అవతల అతని పిల్ల చప్పరిస్తూ పాలు తాగుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. వెళ్ళేటప్పుడు నాన్నకు చేయిచ్చి థాంక్స్ చెప్పాడు. ఆ తరవాత నాన్న పోయేదాకా, పదిహేనేళ్ళపాటు, ప్రతి ఏడూ ఆకురాలే కాలంలో వచ్చి మా కాలవల్లో పూడిక తీసి వెళ్ళేవాడు. ఆ రోజు మీరు పడ్డ శ్రమకు ఇది ఏపాటి అనేవాడు. మళ్ళీ గుర్రం పెంచలేదు, పొలంలో ఆపిల్ చెట్లు నాటాడు.

ఆ వేసవిలో గుర్రాల పెంపకందారుల సంఘం మనిషి వచ్చి పిల్లను హెర్టా పక్కన చూసి, మా అంకె కింద పేరు రాసుకొని, తొడ మీద వాత పెట్టి వెళ్ళాడు. నెత్తురు పరీక్ష ఆ రోజుల్లో ఎవరు చేశారు? దానికి ఆల్మా అని పేరు పెట్టాం. ఆల్మాకు మీటరున్నర కర్ర పిల్లకాలవతో సమానం. దాని కూతుళ్ళు దాన్ని మించాయి. వందేళ్ళుగా మా గుర్రాలు తెచ్చుకోని పేరు ఆ ఐదు తరాలు తెచ్చాయి.

చెప్పాలని అనుకోలేదా అంటే, అనుకున్నాను. నాన్న ఉండగా చెప్పలేకపోయాను. నాన్న పోయాక తమ్ముడు అప్పుడే పొలం చేతికి తీసుకున్నాడు, వాడి కాళ్ళు విరగ్గొట్టడం ఎందుకనుకున్నాను. తమ్ముడు పోయాక మార్టెన్. ఎప్పటికప్పుడు అడ్డం పెట్టుకోవడానికి ఎవడో ఒకడు దొరికాడు. పిరికివాళ్ళకు కారణాల కరువుండదు.

బహుమతి వచ్చిన ఆదివారం మార్టెన్ పెరట్లో బల్లలు వేసి ఊరందరికీ వెన్న కేకు, సారాయి పెట్టాడు. యోహిమ్ కూడా కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఎనభై నాలుగేళ్ళు, చూపు దాదాపు పోయింది, వెలుతురూ నీడా తెలుస్తాయంతే. మార్టెన్‌కు అతనంటే గౌరవం. చెయ్యి పట్టుకొని తీసుకెళ్ళి ఫ్రీడా పక్కన నిలబెట్టి, “తాతా, కళ్ళున్నవాళ్ళందరూ చూశారు. నువ్వు చేత్తో చూసి చెప్పు” అన్నాడు.

యోహిమ్ కర్ర నాకిచ్చి, ముందుకాళ్ళ నుంచి మొదలుపెట్టాడు. గిట్ట, మడమ, మోకాలు, వీపు, పిరుదులు. తొందర లేదు. పాతకాలపు పెంపకందారులు అలాగే చూసేవారు, వాళ్ళు తడుముతుంటే గుర్రం కూడా కదలదు. చివరికి మెడ దగ్గరికి వచ్చాడు. కుడివైపు, మెడ భుజాన్ని కలిసే చోట, కండలో బొటనవేలు పట్టేంత గుంట ఉంది. మా హెర్టాకు గానీ, దాని తల్లికి గానీ ఆ గుంట లేదు. అతని బొటనవేలు అందులోకి దిగి అక్కడే ఆగిపోయింది.

“ఇది మా ఉల్మెకుండేది. దాని అమ్మకీ ఉండేది” అన్నాడు మెల్లగా. మార్టెన్ నవ్వి, మంచి గుర్రాలన్నిటికీ అలాంటిది ఉంటుందంటారుగా తాతా అన్నాడు. యోహిమ్ కూడా నవ్వి సరే అన్నాడు.

మార్టెన్ అవతలికి వెళ్ళాక అతను చెయ్యి తియ్యకుండానే నాతో అన్నాడు. “దాన్ని నేనే చంపుకున్నా, టెల్జె. చూలుదాన్ని ఆ చన్నీళ్ళలో నడిపించా. పిల్ల కడుపులోనే చచ్చింది. దాన్ని గడ్డివామి మీదికి తోలి నేను ఇంటి కప్పెక్కి కూర్చున్నా బతికేదేమో. అప్పట్నుంచీ రోజూ ఆ నీళ్ళలో నడుస్తానే ఉన్నా.”

 అతను గుర్రం పోయిందని బాధపడ్డాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. తానే చంపానని అనుకుంటూ బతికాడని నాకు తట్టనే లేదు. అందుకే మళ్ళీ ఒక్క జీవాన్నీ ఇంట కట్టలేదు, కోడిని కూడా. ఈ మనిషి ఆ భారంతోనే పోతే నాకు నిష్కృతి లేదనిపించింది. చెబితే మార్టెన్ గొప్పలన్నీ గాలికి పోతాయి. ఒకరికి ఊపిరి పోయడానికి ఇంకొకరి ఊపిరి తియ్యాలి. పాపం చేసిన ఇంట్లో చివరికి మిగిలిపోతే ఇలాగే ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నం అతని వంటింటికి వెళ్ళాను. బల్ల దగ్గర కూర్చొని, చూపు లేకపోయినా నా కన్నా సన్నగా తెల్ల ఆస్పరాగస్ కాడలకు చెక్కు తీస్తున్నాడు. కాలి మీద కాలేసుకొని చెప్పే విషయం కాదు, అందుకని నిలబడే చెప్పాను. ముందు నుంచి చివరిదాకా చెప్పాను. నాన్న మీదికి ఏదీ నెట్టలేదు. ఊపిరి తియ్యలేదని చెప్పింది నేనేనని రెండుసార్లు చెప్పాను. ఒక చోట కత్తి ఆగింది, మళ్ళీ కదిలింది.

“ఆడదా?” అన్నాడు.

“ఆడదే.”

“లేచి నిలబడిందా?”

“గంటలోపే. తూలి, నా మీద పడి, మళ్ళీ లేచింది.”

“నీళ్ళు దాన్నేం చెయ్యలేదన్నమాట.”

“ఏం చెయ్యలేదు, అన్నా. ఉల్మెని కూడా నీళ్ళు చంపలేదు. కాన్పులో నెత్తురాగక పోయింది. ఇంట్లో వెచ్చగా కట్టేసినా అంతేనని డాక్టరు నాన్నతో అన్నాడు.”

అతను కత్తి పక్కన పెట్టి, రెండు అరచేతులూ బల్ల మీద ఆనించాడు.  తరవాత ఆల్మా గురించి అడిగాడు. ఎన్నేళ్ళు బతికింది, ఎవరు స్వారీ చేశారు, ఎందరు కూతుళ్ళు, ఏ ఏట పుట్టారు, ముసలితనంలో దానికి పళ్ళున్నాయా, ఎక్కడ పోయింది. అతని పక్క పొలంలోనే గడ్డి మేసిన గుర్రం అది. దాన్ని రోజూ తన కంచె మీంచి చూస్తూనే ఉండేవాడు. అయినా కనిపించకుండా పోయిన బిడ్డ గురించి తండ్రి అడిగినట్టు అడిగాడు. నేను అన్నీ చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను, తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

చివరికి అతను, “ఈ మాట మార్టెన్‌కి చెప్పు. నేను పక్కనుండగా చెప్పు” అన్నాడు.

బుధవారం పొద్దున అతన్ని కొట్టానికి తీసుకెళ్ళాను. మార్టెన్ ఫ్రీడా గిట్టలు శుభ్రం చేస్తున్నాడు. చెప్పాను. మొదట నవ్వాడు. తరవాత వాడి ముఖంలో నవ్వు ఒక్కొక్క చోటే ఆరిపోయింది. గిట్టలు గీకే ఇనుప కొక్కెం గోడకు తగిలించబోయి కింద పడేశాడు.

“అత్తా, ఇదేం మాట? పొద్దున్నే తాగావా?”

“తాగితే ఇంకా ముందే చెప్పేదాన్నిరా. నువ్వు నమ్మకపోతే ఫ్రీడా జూలులోంచి నాలుగు వెంట్రుకలు పీకు. కోల్మార్ ఊళ్ళో, తాతలనాడు మనం అమ్మిన ఆడగుర్రం సంతతి, మన అంకెవే, ఉన్నాయి కదా, వాటివీ తెప్పించు. ఇప్పుడు పరీక్షలో తల్లి వైపు రక్తం తెలిసిపోతుందంట.”

“పీకను” అన్నాడు.

“ఎందుకు పీకవు? తెలుసుకోవాలని లేదా?”

 వాడు నా మీద నుంచి చూపు తీసి యోహిమ్ వైపు తిరిగాడు. వాడి గొంతులో కొత్త మెత్తదనం వచ్చింది, రోగి పక్కన మాట్లాడే గొంతు అది. “తాతా, ఏమనుకోకు. అత్తకి ఈ మధ్య అన్నీ తారుమారవుతున్నాయి. మొన్న పొయ్యి మీద గిన్నె పెట్టి మర్చిపోయింది. ఆ గాలివాన రోజులు తల్చుకుని తల్చుకుని ఏదో కథ అల్లుకున్నట్టుంది. నువ్వు నమ్మడం లేదు కదా?”

గిన్నె మాడిన మాట నిజమే, అది ఎవరింట్లో మాడదు? నేను యోహిమ్ వైపు చూశాను. అతని చెయ్యి ఫ్రీడా మెడ మీదే ఉంది. ఇప్పుడు చెబుతాడనుకున్నాను. తనది కాదనుకున్న గుర్రం చేతికింద ఉంది, ఒక్క మాట చాలు. అతను మార్టెన్ ఊపిరి ఎటు నుంచి వస్తోందో అటు తల తిప్పాడు. వాడు ఏడవబోయే పిల్లాడిలా ఊపిరి పీలుస్తున్నాడు.

“లేదురా” అన్నాడు యోహిమ్. “నా పిల్ల మగది. చచ్చిన పిల్లని నా చేత్తో ముట్టుకున్నా. మీ అత్త ముసలిదైంది, పాపం.”

మార్టెన్ అతన్ని కౌగిలించుకున్నాడు. తాతా, నువ్వు ఎప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రా, ఫ్రీడా నీదే అనుకో అన్నాడు. యోహిమ్ రోజూ వస్తానన్నాడు. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పబోయాను. వినడానికి అక్కడ ఎవరూ లేరు.

ఆ వారంలోనే మార్టెన్ నా కారు తాళాలు తీసుకున్నాడు. వచ్చే నెల జ్ఞాపకశక్తి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడట. రొట్టెల కొట్టులో అమ్మాయి నాతో గట్టిగా, ఒక్కొక్క మాటే విడదీసి మాట్లాడుతోంది. నిన్నటి రొట్టె అని చెబితే, అవునవునంటూ బుజ్జగించి అదే రొట్టె సంచిలో వేసింది. పాస్టరుగారు ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకొని కూర్చున్నారు. నేను అరిచినకొద్దీ వాళ్ళకు నమ్మకం పెరుగుతోంది. అరవకపోతే, చూశావా, మందకొడిగా అయిపోయింది అంటున్నారు.

యోహిమ్ మాట నిలబెట్టుకున్నాడు. రోజూ పదింటికి వస్తాడు, ఫ్రీడాను తడుముతాడు, కోటు జేబులోంచి ఆపిల్ ముక్క తీసి పెడతాడు. దాని పిరుదుల మీద చెయ్యేసి, వచ్చే ఏడు ఏ మగగుర్రం దగ్గరికి తీసుకెళ్ళాలో మార్టెన్‌తో వాదిస్తాడు. వీపు నిటారుగా అయింది. మార్టెన్ అతని మాట వింటాడు. ఆ ఇద్దరూ బాగానే ఉన్నారు.

పది రోజులు ఓపిక పట్టాను. పదకొండో రోజు మార్టెన్ ట్రాక్టరు మీద వెళ్ళగానే కొట్టంలోకి వెళ్ళి అడిగాను. మార్టెన్ గుండె పగలగొట్టడం ఇష్టం లేక అలా అన్నావా, అన్నా, అదైతే నాకర్థమవుతుంది అన్నాను.

“వాడి కోసం సగం” అన్నాడు. చెయ్యి గుర్రం మెడ మీద నిమురుతూనే ఉంది, ముఖంలో కోపం కూడా లేదు. “నలభై ఎనిమిదేళ్ళు నీ మాట నమ్మి బతికాను, టెల్జె. ఇక నీ మాట ఎవరూ నమ్మకుండా నువ్వు బతుకు.”